గర్భసంచి ఆపరేషన్: ఆఫీసులో ఒక లీవు, ఇంట్లో ఇంకో లీవు

ఆపరేషన్ అయిన పదకొండో రోజు పొద్దున్నే మెలకువొచ్చి, ఊరికే పడుకోలేక, పాల ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసి స్టవ్ వెలిగించాను. నేను చేసిన పొరపాటు అదొక్కటే. ఆ క్షణం నుంచి ఇంట్లో అందరి లెక్కలో నేను కోలుకున్న మనిషిని. మధ్యాహ్నానికి "ఇంగువ డబ్బా ఎక్కడుంది" అన్న ప్రశ్న నా మంచం దాకా వచ్చింది, సాయంత్రం నన్ను పలకరించడానికి వచ్చిన చుట్టాలకి నేనే టీ పెట్టాను. ఆఫీసులో నాకు 42 రోజుల సెలవు మంజూరైంది, ఇంట్లో పది రోజులు.

అందుకే గర్భసంచి తీసేసే ఆపరేషన్‌కి రెడీ అవుతున్నవాళ్లు ఎవరు అడిగినా రెండు చోట్లా లీవు పెట్టమని చెప్తుంటాను. నాకు 46 ఏళ్లు, విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, గర్భసంచిలో గడ్డల వల్ల మూడేళ్లు విపరీతమైన బ్లీడింగ్ అయ్యి చివరికి లాప్రోస్కోపీలో, అంటే చిన్న చిల్లులు పెట్టి చేసే పద్ధతిలో, తీయించుకున్నాను. మా వదిన గవర్నమెంట్ టీచర్, ఆవిడకి పొట్ట కోసి చేశారు. ఇద్దరి అనుభవం కలిపి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను కాబట్టి మందుల సంగతి మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్.

అసలు తీయించుకోవాలా

తేదీ, లీవు, బ్యాగు అన్నీ తర్వాత. ముందు ఇది తేల్చుకోండి. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్ దేశంలో ఎక్కడా లేనంత ఎక్కువగా జరుగుతోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద సుమారు 3 శాతం మందికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రాలో అది 8.9, తెలంగాణలో 7.7. మన ఆడవాళ్లకి మాత్రమే అన్ని జబ్బులు ఉండవు కదా. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది, తీసేస్తే క్యాన్సర్ భయం కూడా ఉండదు" అనే మాట ఆసుపత్రిలో ఎంత వినిపిస్తుందో పక్కింటి అరుగు మీదా అంతే వినిపిస్తుంది. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని ముప్పైల్లోనే తీయించుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

క్యాన్సర్, బాగా కిందికి జారిపోయిన గర్భసంచి, మందులకి లొంగని బ్లీడింగ్, పక్క అవయవాల్ని నొక్కేసే పెద్ద గడ్డలు అయితే ఆపరేషన్ మాట వేరు. మిగతా చాలా సందర్భాల్లో ముందు ప్రయత్నించడానికి దారులున్నాయి. బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ ఉండే మిరీనా లాంటి లూపు, గడ్డల్ని మాత్రమే తీసే మయోమెక్టమీ, ఇలాంటివి. మిరీనా నాకు ఏడాదిన్నర పనిచేసింది, తర్వాత పనిచెయ్యలేదు, అప్పుడే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. చెప్పిన డాక్టర్‌కి ఏ సంబంధమూ లేని ఇంకో గైనకాలజిస్టుకి స్కానింగ్ చూపించండి. సెకండ్ ఒపీనియన్ అంటే ముఖం మాడ్చుకునే డాక్టర్ అయితే ఆ మాడిన ముఖమే మీకు సమాధానం. అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లని అడ్డుకోవాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని అమలు చెయ్యమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఎందుకు తీస్తున్నారని అడగడం తలబిరుసు కాదు.

డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నల్ని కాగితం మీద రాసుకుని వెళ్లండి, ఆ గదిలోకి వెళ్లగానే అన్నీ మర్చిపోతాం. ఏ పద్ధతిలో చేస్తారు, పొట్ట కోసా, కింద నుంచా, లాప్రోస్కోపీయా? గర్భసంచి ముఖద్వారం ఉంచుతారా తీస్తారా? అన్నిటికంటే ముఖ్యంగా, అండాశయాలు ఉంచుతారా? అవి ఉంటే నెలసరి ఆగుతుంది తప్ప హార్మోన్లు నడుస్తూనే ఉంటాయి. రెండూ తీసేస్తే రాత్రికి రాత్రే మెనోపాజ్ వచ్చిపడుతుంది, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు బలహీనపడటం. "ఎలాగూ పొట్టలోకి వెళ్తున్నాం కదా, అవి కూడా తీసేద్దాం" అని మామూలుగా అనేస్తారు, కారణం అడగండి. నలభై దాటి బ్లీడింగ్ తేడాగా ఉంటే ఆపరేషన్‌కి ముందే గర్భసంచి లోపలి పొర బయాప్సీ, ముఖద్వారం క్యాన్సర్ కోసం చేసే ప్యాప్ స్మియర్ పరీక్ష చేశారో లేదో చూసుకోండి. క్యాన్సర్ ఉంటే చెయ్యాల్సిన ఆపరేషనే వేరు మరి.

ఇక సంతకం పెట్టే కన్సెంట్ ఫారం. చాలామంది ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కి) తీసుకెళ్లే ముందు స్ట్రెచర్ మీద పడుకుని సంతకం చేస్తారు. ముందు రోజే అడిగి తీసుకుని చదవండి, అండాశయాల గురించి ఏం రాశారో చూడండి. సమీరా కోహ్లీ అనే ఆవిడ లాప్రోస్కోపీ పరీక్షకని మత్తు తీసుకుంటే, బయట ఉన్న తల్లి చేత ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పేషెంట్ తెలివిలోకి వచ్చేదాకా ఆగగలిగినప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే ఆ కాగితం మీది, మీ ఆయనదో మీ అమ్మదో కాదు.

రక్తం పెరగాలి, తేదీ కుదరాలి

నా హిమోగ్లోబిన్ 8.2 ఉంటే మత్తు డాక్టర్ చేతులెత్తేశారు. తేదీ ఆరు వారాలు వెనక్కి జరిగింది, ఈలోగా ఐరన్ ఇంజెక్షన్ సెలైన్‌లో ఎక్కించి, మాత్రలిచ్చి 10.9కి తెచ్చారు. బ్లీడింగ్ ఎక్కువున్న ప్రతి మనిషికీ ఇదే గొడవ కాబట్టి ఆపరేషన్ అనుకున్న రోజే సీబీసీ రక్తపరీక్ష చేయించుకోండి, చివరి వారంలో కాదు. బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు మంచివే గానీ వాటితో నెలలో రెండు పాయింట్లు పెరగవు. మిగతావన్నీ మామూలు పరీక్షలే, షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్, బ్లడ్ గ్రూపు. ఒక యూనిట్ రక్తం సిద్ధంగా ఉంచమంటే కంగారు పడకండి, చాలాసార్లు అది వాడరు.

రోజూ వేసుకునే మందులన్నీ ఒక కవర్లో వేసుకుని మత్తు డాక్టర్‌కి చూపించండి. రక్తం పలచబడే మందులు, షుగర్ మాత్రలు కొన్ని ముందే ఆపాలి, బీపీ, థైరాయిడ్ మాత్రలు చాలావరకు ఆ రోజు పొద్దున కూడా కొద్ది నీళ్లతో వేసుకోమంటారు. ఇక్కడ సొంత వైద్యం వద్దు. ఆయుర్వేదం, హోమియో వాడుతుంటే అవీ చెప్పండి, దాచకండి.

తేదీ గురించి. మా అత్తయ్య మంగళవారం వద్దన్నారు, అమావాస్య వద్దన్నారు, మా డాక్టర్‌కి ఓటీ ఉండేది మంగళ, శుక్రవారాలు. చివరికి శుక్రవారం గెలిచింది. నా లెక్క మాత్రం వేరే క్యాలెండర్‌ది. మాకు నెలలో 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్-3బీ, అన్నీ కంపెనీ డబ్బు కట్టాల్సిన, లెక్కలు దాఖలు చెయ్యాల్సిన ఆఖరి తేదీలే. అందుకని 20 దాటాక వచ్చే శుక్రవారం పెట్టుకున్నాను, అప్పుడు తర్వాతి గండానికి రెండు వారాల వ్యవధి ఉంటుంది, నా కింద పనిచేసే అమ్మాయికి నేర్పడానికి ముందు నెలంతా ఉంటుంది. మార్చి అయితే చచ్చినా పెట్టుకునేదాన్ని కాదు. మీ పనిలో గండాలేవో మీకే తెలుసు, టీచరైతే పరీక్షలు, కూలి పనైతే నాట్లూ కోతలూ. అర్జెంటు కాని ఆపరేషన్ అయితే తేదీ మీ చేతుల్లోనే ఉంటుంది, మొహమాటపడకండి.

ఆఫీసు లీవు

ముందు ఎన్ని రోజులు కావాలో డాక్టర్‌తో చెప్పించుకోవాలి. పొట్ట కోసి చేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు, లాప్రోస్కోపీ, కింద నుంచి చేసేవి అయితే నాలుగు నుంచి ఆరు, ఇది మామూలు లెక్క. కుర్చీలో కూర్చునే పనికీ, రోజంతా నిలబడే పనికీ, బరువులెత్తే పనికీ తేడా ఉంటుంది కాబట్టి మీ పనేంటో డాక్టర్‌కి వివరంగా చెప్పండి. లాప్రోస్కోపీ అంటే "చిన్న చిల్లులే కదా, వారంలో వచ్చేస్తావు" అంటారు మేనేజర్లు. చిల్లులు బయట చిన్నవి, లోపల కోసింది అంతే కోశారు.

గవర్నమెంట్ ఉద్యోగులది కాస్త అదృష్టం. 2011 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 52 ప్రకారం గర్భసంచి తీయించుకున్న మహిళా ఉద్యోగికి ప్రభుత్వ సర్జన్ సిఫార్సు మీద 45 రోజుల వరకు స్పెషల్ క్యాజువల్ లీవు ఉంది. ఇది మీ మామూలు సీఎల్‌లోనూ తగ్గదు, అర్ధజీతం సెలవు (హెచ్‌పీఎల్) ఖాతాలోనూ తగ్గదు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి దాచుకున్న హెచ్‌పీఎల్‌ని కమ్యూటెడ్ లీవుగా, అంటే పూర్తి జీతం సెలవుగా, మార్చి వాడేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కమ్యూటెడ్ లీవు ఒక్క రోజు పెడితే ఖాతాలో రెండు రోజులు పోతాయి, ఏడాదికి వచ్చేదే 20. మా వదిన స్టాఫ్‌రూంలో ఒక సీనియర్ టీచర్ చెప్పబట్టి తెలుసుకుంది, లేకపోతే తొంభై రోజులు గోవిందా. ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకుంటే సర్టిఫికెట్ ఎవరిది కావాలి, ఎవరి సంతకం ఉండాలి అన్నది ముందే మీ జీతం బిల్లులు చేసే డీడీవో ఆఫీసులో కనుక్కోండి. 45 చాలకపోతే పైన కావలసిన రోజులకి అప్పుడు కమ్యూటెడ్ లీవు పెట్టుకోవచ్చు.

జీతం 21,000 లోపుండి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్ అవుతుంటే, ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ మీద సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. రోజు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల వరకు. మొదటి రెండు రోజులు లెక్కలోకి రావు, ఆరు నెలల కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో కనీసం 78 రోజులు కట్టి ఉండాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి ఇచ్చే 14 రోజుల పూర్తి జీతం దీనికి వర్తించదు, రెండిటినీ కలిపేసి ఆశపడేవాళ్లుంటారు. ప్రసూతి సెలవు కూడా దీనికి రాదు. ఈఎస్ఐలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, సర్టిఫికెట్ల మధ్య ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు. మొదటి సర్టిఫికెట్ ముగిసేలోపే మళ్లీ డిస్పెన్సరీకి వెళ్లాలి, ఆటోకి డబ్బులు తీసి పక్కన పెట్టుకోండి.

ప్రైవేటు కంపెనీల్లో ఈఎస్ఐ దాటినవాళ్ల పరిస్థితి కంపెనీ దయ మీదే ఎక్కువ. మన రెండు రాష్ట్రాల షాపులు, సంస్థల చట్టంలో ఏడాదికి జబ్బు లేదా ఇతర కారణాలకి జీతంతో 12 రోజులు, 240 రోజులు పనిచేసినవాళ్లకి 15 రోజుల ఎర్న్‌డ్ లీవు ఉన్నాయి. నేను మిగిలిన ఈఎల్ మొత్తం, సిక్ లీవు మొత్తం కలిపితే 31 వచ్చాయి, మిగతా 11 రోజులకి జీతం లేని సెలవు అడిగాను. అలా అడిగేటప్పుడు సెలవుల ముందూ వెనకా వచ్చే ఆదివారాల్ని లీవులో కలుపుతారో లేదో కూడా అడగండి, నాకు నాలుగు రోజులు తేడా వచ్చింది. ఆఖరి రెండు వారాలు ఇంటి నుంచి పని చేస్తానని ముందే ఆశపడి మాట ఇవ్వకండి. ఇస్తే మూడో రోజు నుంచే ల్యాప్‌టాప్ మంచం మీదికి వస్తుంది.

లెటర్‌లో గర్భసంచి అన్న మాట రాయక్కర్లేదు. ఇన్సూరెన్స్ కాగితాల వల్ల హెచ్‌ఆర్‌కి ఎలాగూ తెలుస్తుంది, అది వేరే సంగతి, కానీ మీ మేనేజర్‌కి, టీమ్ గ్రూపులో ఉన్న పాతికమందికి ఆ వివరం అవసరం లేదు. నేను రాసింది దాదాపు ఇది:

"డాక్టర్ సలహా మేరకు నాకు ఈ నెల 22న మేజర్ సర్జరీ జరగనుంది. ఆ తర్వాత 42 రోజుల విశ్రాంతి అవసరమని డాక్టర్ రాసిచ్చిన సర్టిఫికెట్ జతచేస్తున్నాను. నా ఖాతాలో ఉన్న ఈఎల్, సిక్ లీవు ముందుగా వాడుకుని, మిగిలిన రోజులను జీతం లేని సెలవుగా పరిగణించగలరు. నా పనులు ఎవరెవరికి అప్పగించానో ఆ వివరాలు కింద ఇస్తున్నాను. వైద్య కారణాల వల్ల తేదీలు మారితే వెంటనే తెలియజేస్తాను."

నోటిమాటగా "ఓకే అమ్మా, తీసుకో" అంటే సరిపోదు, మెయిల్‌లోనే జవాబు తెప్పించుకోండి.

ఇప్పుడు నాకు జరిగిన తలనొప్పి. ఆపరేషన్‌కి ముందు డాక్టర్ ఆరు వారాలని సర్టిఫికెట్ ఇచ్చారు, బాగానే ఉంది. డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం జూనియర్ డాక్టర్ చివర్న "రెస్ట్. రివ్యూ 2 వారాలు" అని రాసి వదిలేశారు. రెండు వారాల తర్వాత చూపించుకోమని దానర్థం. మా హెచ్‌ఆర్ అబ్బాయి దాన్ని రెండు వారాల రెస్ట్ అని చదివి 14 రోజులే మంజూరు చేశాడు, పదహారో రోజు జాయినింగ్ ఎప్పుడని ఫోన్. అప్పుడు పొట్ట పట్టుకుని ఆటోలో మళ్లీ ఆసుపత్రికి వెళ్లి, ఒక సంతకం కోసం రెండు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను, ఆ తర్వాతే 42 రోజులూ మంజూరయ్యాయి. కాబట్టి బిల్లు కట్టే ముందే సమ్మరీ చదవండి. అడ్మిట్ అయిన తేదీ, ఆపరేషన్ తేదీ, డిశ్చార్జ్ తేదీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు విశ్రాంతి, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, సీలు. "ఆరు వారాలు" అని కాకుండా తేదీలే వేయించుకోండి. మీ పేరు ఆధార్‌లో, ఆఫీసులో ఉన్నట్టే ఉందో లేదో కూడా చూడండి, ఇంటిపేరు ముందా వెనకా అన్నదాని మీద క్లెయిములు ఆగిన సందర్భాలున్నాయి.

ఏ లీవూ లేని వాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, దినకూలీలు, వాళ్లకి ఈ పేజీ అంతా పనికిరాదని నాకు తెలుసు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ తనకి ఆపరేషన్ అయినప్పుడు వాళ్ల చెల్లెల్ని తన ఇళ్లన్నిటికీ రెండు నెలలు పంపి, జీతం సగం సగం పంచుకుంది. పని పోకుండా ఉండటానికి దానికంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు. ఇంట్లో పనికి మనిషిని పెట్టుకున్నవాళ్లు ఆ రెండు నెలలు జీతం ఇస్తే సొమ్మేం పోదు.

డబ్బు సంగతి

సొంతంగా తీసుకున్న హెల్త్ పాలసీల్లో గర్భసంచి ఆపరేషన్‌కి మామూలుగా రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. పోయిన ఏడాది పాలసీ తీసుకుని ఈ ఏడాది ఆపరేషన్ అంటే క్లెయిమ్ రాకపోవచ్చు, ఆ పేజీ ఇప్పుడే తీసి చూడండి. కంపెనీ గ్రూపు పాలసీల్లో చాలావాటికి ఈ అడ్డు ఉండదు. ముందుగా అనుకున్న ఆపరేషన్ కాబట్టి క్యాష్‌లెస్ అనుమతి మూడు నాలుగు రోజుల ముందే పెట్టించండి. గంటలో అనుమతి సంగతి తేల్చాలని, డిశ్చార్జ్ రోజు మూడు గంటల్లో ఫైనల్ చెయ్యాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది, కౌంటర్‌లో ఆలస్యమైతే ఆ మాట ఎత్తండి, కాస్త కదలిక వస్తుంది. ముందు చేయించుకున్న స్కానింగులు, ఐరన్ ఇంజెక్షన్ల బిల్లులు పారెయ్యకండి, చాలా పాలసీల్లో అడ్మిషన్‌కి ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చు కూడా వస్తుంది. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లు ఏ ఆసుపత్రుల్లో, ఏ కారణానికి ఇది కవర్ అవుతుందో ముందే హెల్ప్ డెస్క్‌లో కనుక్కోండి, ఈ ఆపరేషన్ దుర్వినియోగం అవుతోందని ఈ పథకాల్లో కట్టుబాట్లు ఎక్కువ.

ఇంట్లో లీవు

ఇంట్లో ఎవరికీ మెయిల్ పెట్టలేం, అందుకే ఇది కష్టం. నాకు రెండోసారి ఛాన్స్ ఉంటే చేసే మొదటి పని, డిశ్చార్జ్ రోజు మా ఆయన్నీ అత్తయ్యనీ ఇద్దర్నీ డాక్టర్ ముందు కూర్చోబెట్టి "ఈవిడ ఏమేం చెయ్యకూడదో మీరే చెప్పండి మేడమ్" అనడం. మనం చెప్తే సణుగుడు, డాక్టర్ చెప్తే వైద్యం. మా వదిన అదే చేసింది, డాక్టర్ చెప్పినవి కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించింది, ఆరు వారాలూ ఆవిడ చేత ఎవరూ చెంబు కూడా ఎత్తించలేదు.

నాలుగైదు కిలోలు దాటిన బరువు ఆరు వారాలు ఎత్తకూడదు. అంటే గ్యాస్ బండ, 20 లీటర్ల వాటర్ క్యాను, పాతిక కిలోల బియ్యం బస్తా మాత్రమే అనుకుంటారు అందరూ. నిండా పప్పున్న ఐదు లీటర్ల కుక్కర్, గ్రైండర్ గిన్నె, తడిబట్టల బకెట్, రెండేళ్ల మనవడు, స్కూటీకి సెంటర్ స్టాండ్ వెయ్యడం, ఇవన్నీ కూడా అందులోకే వస్తాయి. వంగి ఊడ్చడం, కింద కూర్చుని కూరలు తరగడం, అటక మీది డబ్బా అందుకోవడం కూడా వద్దు.

ఆపరేషన్‌కి వారం ముందే ఇంటిని సర్దుకోండి. రోజూ వాడే సామానంతా నడుం ఎత్తులోకి తెచ్చి పెట్టండి, ఎక్కడేముందో డబ్బాల మీద పేర్లు రాసి అతికించండి, ఆ ఇంగువ ప్రశ్న తప్పుతుంది. కారప్పొడి, కందిపొడి, నిమ్మకాయ పచ్చడి, చారుపొడి చేసి ఉంచుకోండి. కర్రీ పాయింట్ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి, నెలన్నర కర్రీ పాయింట్ కూర తింటే ఎవరూ చిక్కిపోరు. మీ ఇంట్లో ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉంటే దాని మీద వేసుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, మొదటి రెండు వారాలు గొంతుక్కూర్చుని లేవడం నరకం. మంచం ఎత్తుగా ఉండాలి, నేల మీద పరుపు వద్దు.

సాయానికి వచ్చేవాళ్లని వంతులుగా పిలవండి. అమ్మ, చెల్లి, ఆడపడుచు అందరూ మొదటి వారం వచ్చేసి ఇంట్లో జాతర చేసి, అసలు మనిషి అవసరమయ్యే మూడో వారానికి ఒక్కళ్లూ ఉండరు. మా అమ్మని నేను పదిహేనో రోజు రమ్మనాల్సింది.

ముందు రోజు, ఆ రోజు

బ్యాగులో ముందు బొత్తాలుండే నైటీలు మూడు, నడుం ఎత్తుదాకా వచ్చే వదులు లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, చెప్పులు, పొడవాటి వైరు ఉన్న ఛార్జర్, పాత రిపోర్టుల ఫైలు, ఇన్సూరెన్స్ కార్డు, ఆధార్ జిరాక్సులు. ఒక చిన్న దిండు కూడా. ఆపరేషన్ తర్వాత దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ఆ దిండు పొట్టకి అదిమి పట్టుకోవాలి, ఆటోలో గతుకులకీ అదే.

ఆరు గంటల ముందు నుంచి తిండి బంద్, రెండు గంటల ముందు నుంచి నీళ్లు కూడా బంద్, మీ ఆసుపత్రి ఇంకాస్త ఎక్కువ చెప్పినా వినండి. పాలు, టీ, కొబ్బరినీళ్లు "కాస్తేగా" అని తాగేస్తే ఆపరేషన్ వాయిదా పడుతుంది.

నగలు ఇంట్లోనే తీసేసి రండి. నాకు ఇరవై మూడేళ్లుగా కాలి నుంచి రాని మెట్టెలు ఆ పొద్దున ఓటీ పక్కన నర్సమ్మ సబ్బునీళ్లు పోసి, దారం చుట్టి, పావుగంట తిప్పితే వచ్చాయి. లోపల కరెంటుతో రక్తనాళాల్ని మాడుస్తారు కాబట్టి ఒంటి మీద లోహం ఉంచరు. మంగళసూత్రం తియ్యడం మనసొప్పకపోతే ముందే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లండి, చాలా ఆసుపత్రుల్లో దాన్ని ఏమీ అనరు. గోళ్లకి రంగు, గోరింటాకు కూడా వద్దు, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగ్గా చూపించదు.

తర్వాత

మెలకువొచ్చాక యూరిన్ పైపు ఉంటుంది, భయపడకండి, మామూలుగా మర్నాటికి తీసేస్తారు. లాప్రోస్కోపీ అయినవాళ్లకి భుజం నొప్పొస్తుంది, గుండె నొప్పేమోనని నేను హడలిపోయాను. పొట్టలో నింపిన గ్యాస్ వల్ల అది, నడిస్తే రెండు మూడు రోజుల్లో పోతుంది. మూడు బంతులున్న ఊపిరి పీల్చే బొమ్మ ఒకటిస్తారు, దాన్ని ఇంటికి తెచ్చి పిల్లలకి ఇచ్చెయ్యకుండా నిజంగా వాడండి. కదలకుండా పడుకోవడం విశ్రాంతి కాదు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి గంటకోసారి లేచి హాల్లో పది అడుగులు వెయ్యాలి. నడవాలి, పని చెయ్యకూడదు. ఇంట్లోవాళ్లకి అర్థం కానిది ఈ తేడానే.

పత్యం పేరుతో పచ్చిఒళ్లని ఎండగట్టొద్దు. కందిపప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే కుట్లు ఆరవు అన్నది మా ఇంట్లో కూడా జరిగిన వాదనే. పుండు మానాలంటే కావలసిందే ప్రొటీన్. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు అలవాటైతే చేపలు తినండి. మలబద్ధకం రాకుండా చూసుకోవడం నొప్పి మాత్ర కంటే ముఖ్యం, నీళ్లు, మజ్జిగ, బొప్పాయి, డాక్టర్ రాసిన సిరప్. ముక్కితే లోపలి కుట్ల మీద పడుతుంది.

ఆరు వారాలు భార్యాభర్తల కలయిక వద్దు, డాక్టర్ చూసి సరేనన్నాకే. ఇదీ ఆ డిశ్చార్జ్ రోజు డాక్టర్ చేతే మీ ఆయనకి చెప్పించండి. కొన్ని రోజులు కారణం లేకుండా ఏడుపొస్తుంది, నాకు ఒక సాయంత్రం టీవీలో వాషింగ్ పౌడర్ యాడ్ చూసి వచ్చింది. అది తగ్గకుండా సాగితే డాక్టర్‌కి చెప్పండి.

కొద్దిగా చుక్కలు, గోధుమరంగు డిశ్చార్జ్ కొన్ని వారాలు మామూలే. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, 100.4 దాటిన జ్వరం, దుర్వాసన, కుట్ల దగ్గర ఎరుపూ చీమూ, యూరిన్ రాకపోవడం లేదా తెలియకుండా కారిపోవడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి రావడం, ఆయాసం, ఇందులో ఏదొచ్చినా రేపటిదాకా ఆగకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.

మళ్లీ పనిలోకి

జాయినయ్యే రోజుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, ఆరో వారం చెకప్‌కి వెళ్లినప్పుడే తీసుకోండి, దానికోసం మళ్లీ ఓపీ చీటీ కొనక్కర్లేదు. సడన్ బ్రేకు నొక్కినా పొట్ట లాగకపోతేనే స్కూటీ. నేను మొదటి పదిరోజులు ఆటో మాట్లాడుకున్నాను. వీలైతే బుధవారమో గురువారమో జాయినవ్వండి, రెండు మూడు రోజులకే ఆదివారం వస్తుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒళ్లు సోలిపోతుంది, అది బద్ధకం కాదు, మీ సీటు పక్కన ఒక నీళ్ల బాటిల్ పెట్టుకుని, ఫైళ్ల కట్టలు ఎవరైనా కుర్రాడి చేత తెప్పించుకోండి.

ఒక్కటి మాత్రం చాలామంది వదిలేస్తున్నారు. తీసిన గర్భసంచిని ల్యాబుకి పంపుతారు, బయాప్సీ రిపోర్టు వారం పది రోజుల తర్వాత వస్తుంది, అప్పటికి మనం ఇంట్లో ఉంటాం. ఫోన్‌లో "అంతా నార్మల్ అమ్మా" అంటే సరే అనేసి ఊరుకోకండి, కాగితం తెచ్చుకుని డాక్టర్ చేత చదివించుకుని ఫైల్లో పెట్టండి. రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్‌కి ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేదీ అదే, పదేళ్ల తర్వాత ఇంకేదైనా స్కానింగ్‌లో తేడా వస్తే కొత్త డాక్టర్ ముందు అడిగేదీ అదే. మా వదినది రెండేళ్ల తర్వాత తెచ్చుకుందామని వెళ్తే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ మారింది, పాతవి లేవన్నారు.